న్యుమోలైసిన్

న్యుమోకాకస్ బాక్టీరియా తయారుచేసే విషపు ప్రోటీన్. నిమ్ము చేరిన ఊపిరితిత్తుల్లో మొదలైన హాని గుండె దాకా, మెదడు పొరల దాకా, లోపలి చెవి దాకా పాకడంలో దీనిది పెద్ద పాత్ర.

ఈ బాక్టీరియాను 1881లో ఫ్రాన్సులో లూయీ పాశ్చర్, అమెరికాలో జార్జి స్టెర్న్‌బర్గ్ ఎవరికి వారే గుర్తించారు. గుండె కవాటాలు చెడి చనిపోయిన వాళ్లలో చాలామందికి న్యుమోనియా కూడా ఉందని 1885 నాటి లండన్ ఉపన్యాసాల్లో విలియం ఆస్లర్ ఎత్తిచూపాడు. ఊపిరితిత్తులకూ గుండెకూ లంకె ఏమిటన్నది మాత్రం అప్పట్లో తేలలేదు. విషాన్ని వెతికి పట్టుకోవడంలో డిఫ్తీరియా బాక్టీరియా అంత సతాయించలేదు. బాక్టీరియా పెరిగిన ద్రవాన్ని వడకడితే చాలు, 1888లో పారిస్‌లో ఎమిల్ రూ, అలెగ్జాండర్ యెర్సిన్‌లకు దొరికిపోయింది. న్యుమోకాకస్ అయితే విషాన్ని చాలావరకు కడుపులోనే దాచుకుంటుంది. 1914లో న్యూయార్క్‌లో రూఫస్ కోల్ బాక్టీరియాను కరిగించి రసం తీశాకే, అది ఎర్ర రక్తకణాలను పగలగొట్టడం స్పష్టంగా కనబడింది.

న్యుమోలైసిన్ మన కణాల పైపొరలోని కొలెస్టరాల్‌కు అతుక్కుంటుంది. ముప్పై నలభై అణువులు ఒకదాని పక్కన ఒకటి చేరి గాజులా గుండ్రంగా కూర్చుంటాయి. తర్వాత ఆ గాజు మొత్తం పొరలోకి దిగి, దాన్ని తొలుస్తుంది. ఆ కన్నంలోంచి కాల్షియం లోపలికి దూసుకొస్తుంది, కణం చితికిపోతుంది.

చికిత్సలోని చిక్కు కూడా ఇక్కడే ఉంది. పెన్సిలిన్ జాతి మందులు బాక్టీరియాను పగలగొట్టి చంపుతాయి. పగిలినప్పుడు దాచుకున్న విషమంతా ఒక్కసారిగా బయటపడుతుంది. అలాగని మందు మానకూడదు. మానితే ప్రాణానికే ముప్పు. 2002లో ఐరోపాలో జరిగిన పరీక్షలో మొదటి యాంటీబయాటిక్‌కు ముందుగానో, దాంతోపాటో వాపును తగ్గించే డెక్సామెథసోన్ ఇచ్చారు. న్యుమోకాకస్ వల్ల మెదడు పొరల వాపు (మెనింజైటిస్) వచ్చిన పెద్దవాళ్లలో మరణాలు 34 శాతం నుంచి 14 శాతానికి తగ్గాయి. వాపును అదుపు చేయడం ఎంత ముఖ్యమో ఆ అంకెలే చెబుతున్నాయి. బాక్టీరియాను పగలగొట్టకుండా దానిలో ప్రోటీన్ తయారీనే ఆపే మందుల దారి వేరు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ సంస్థ 1948లో తెచ్చిన ఆరియోమైసిన్ అలాంటిదే.

గుండె సంగతికి వస్తే, 2007లో అమెరికాలో వెలువడిన ఒక పరిశీలనలో న్యుమోకాకస్ న్యుమోనియాతో చేరిన 170 మందిలో 33 మందికి గుండెపోటో, లయ తప్పడమో, గుండె వైఫల్యమో వచ్చింది. దీనికి ఒక కారణం 2014లో బయటపడింది. ఎలుకల, కోతుల గుండె కండరంలో సూక్ష్మమైన గుంటలు, వాటి నిండా బాక్టీరియా కనిపించాయి. చుట్టూ రోగనిరోధక కణాల జాడే లేదు. న్యుమోలైసిన్ తయారుచేయలేని బాక్టీరియా ఎక్కించిన ఎలుకల్లో ఆ గుంటలు బాగా తగ్గాయి. మందుతో బతికిన ఎలుకల గుండెలో మాత్రం మచ్చలు మిగిలాయి. న్యుమోనియా తగ్గి ఇంటికి వెళ్లిన మనిషికి ఆయాసం వస్తే ఛాతీ ఎక్స్‌రేతో సరిపెట్టక గుండెను కూడా చూడాలనడానికి ఇంతకంటే బలమైన కారణం అక్కర్లేదు.

విషాన్నే టీకాగా మార్చే ఆలోచన పాతదే. 1983లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో జేమ్స్ పేటన్ బృందం న్యుమోలైసిన్‌తో టీకా వేసిన ఎలుకలు ఎక్కువ కాలం బతకడం చూసింది. అయినా, హైదరాబాద్‌లోని బయొలాజికల్ ఇ సంస్థ తయారుచేయగా 2022లో అనుమతి పొందిన, 14 న్యుమోకాకస్ రకాలను ఎదుర్కొనే టీకాతో సహా, నేటి న్యుమోకాకస్ టీకాలన్నీ బాక్టీరియా పైతొడుగు మీదే గురిపెడతాయి. విషం విరిచిన న్యుమోలైసిన్ కలిపిన టీకాను గాంబియాలో పసిపిల్లలకు ఇచ్చి చూస్తే, ముక్కులో, గొంతులో తిష్ఠవేసే బాక్టీరియా తగ్గలేదు. ఆ పరీక్ష కొలిచింది ముక్కునే, గుండెను కాదు.