తామర, కలువ: ఒక పొరపాటు చరిత్ర

చెరువు గట్టున నిలిచి చూచినచో తామర, కలువ అక్కచెల్లెండ్రవలె కనబడును. రెంటికిని గుండ్రని ఆకులు, బురదలో దుంపలు, పెక్కు రేకుల పూలు. అయినను తెలుగున వీనికి వేరువేరు పేర్లే ఉన్నవి. మలయాళదేశమునను అంతే. డచ్చి అధికారి వాన్ రీడ్ పూనికతో తయారై, 1678–1693 మధ్య 12 సంపుటములుగా అచ్చయిన ‘హోర్టుస్ మలబారికుస్’లో తామర, ఆంబల్ అను పేర్లు విడివిడిగా ఎక్కినవి.

స్వీడను శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ఆ గ్రంథమును ఎరుగును. అయినను 1753లో ఆయన రెంటిని ‘నింఫియా’ అను ఒకే ప్రజాతిలో చేర్చెను. ఆయన పద్ధతికి కేసరముల లెక్కయే ముఖ్యము. ఈ రెండు పూలలోను కేసరములు లెక్కకు మించి ఉండును. పదేండ్లకు, 1763లో, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆడన్సన్ తామరను విడదీసి, సింహళ పదమునుండి వచ్చిన ‘నెలంబో’ అను పేరును దాని ప్రజాతికి పెట్టెను. కుటుంబము మాత్రము మారలేదు. 1872లో హుకర్ ప్రారంభించిన బ్రిటిష్ ఇండియా వృక్షగ్రంథమున కూడ తామర కలువ కుటుంబములోనే ఉన్నది.

నిజమునకు వీనిని గుర్తించుటకు పెద్ద పరికరములు అక్కరలేదు. కలువాకునకు అంచునుండి కాడవరకు ఒక చీలిక ఉండును. తామరాకునకు చీలిక లేదు. గొడుగునకు కర్రవలె కాడ ఆకు నడుమ తగులును. మొదటి ఆకులు నీటిపై తేలినను, తరువాతి ఆకులు నీటిని విడిచి పైకి లేచి నిలుచును. రేకులు రాలిన పిమ్మట తామరకు చదునైన దుద్దు మిగులును. దాని గుంటలలో గింజలుండును. కలువకాయ నీట మునిగి పండును. పూవు రంగును నమ్మరాదు, ఎర్రకలువయు కలదు. పేరును కూడ ఎల్లప్పుడు నమ్మరాదు: అంతరతామర తామర కాదు, చేమకు చుట్టము.

సూక్ష్మదర్శినిలో మరియొక భేదము కనబడెను. తామర పుప్పొడి రేణువునకు మూడు చాళ్ళున్నవి. ఇది చిక్కుడు, చింత మొదలగువానితో కూడిన పెద్ద వర్గపు లక్షణము. కలువ రేణువు అట్టిది కాదు. 1993లో దాదాపు 500 విత్తనపు మొక్కల హరితరేణువులలోని ఒక జన్యువును పోల్చి చూడగా, తామర కలువకు దూరమై చినార్ చెట్టు సరసకు చేరెను. 1998 నాటి నూతన వర్గీకరణ ఆ స్థానమునే స్థిరపరచెను. కలువశాఖయో, పూలమొక్కలలో మిక్కిలి తొలినాళ్ళలోనే వేరుపడిన వానిలో ఒకటియని 1999లో తేలినది.

శ్రీనగరమునందలి దాల్ సరస్సులో తామరలు పూచును, గట్టున చినార్లు నిలుచును. పక్కనే తేలుచున్న కలువకంటె ఆ గట్టుమీది చెట్టే తామరకు దగ్గరి చుట్టము. మన అరకు కాఫీతోటలలో నీడకై పెంచు సిల్వర్ ఓక్ కూడ ఆ బంధువర్గములోనిదే.