కీచుమను బ్రేకుల పూర్వచరిత్ర

1902వ సంవత్సరమున ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరమందు ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకునకు పేటెంటు పడసినపుడు, చక్రముతో కూడ తిరుగు పలుచని లోహఫలకమును రాగి తొడిగిన దవుడలు ఇరువైపులనుండి బిగించి పట్టుచుండెను గాని, లోహము లోహముతో ఒరసికొనుటచే పుట్టిన దుర్భరమైన కీచుధ్వని ఆ నూతనకల్పన కీర్తిని మ్రింగివేసెను.

మెత్తని తొడుగు కావలెనను భావము అంతకు మునుపే ఉన్నది. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ తన భర్త నిర్మించిన మోటారుబండిలో ఇద్దరు కుమారులతో మాన్‌హైమ్ నుండి ఫోర్ట్స్‌హైమ్‌కు సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణించుచు, దిగుడుదారులలో బ్రేకుల చెక్క దిమ్మెలు అరిగిపోగా, చెప్పులు కుట్టువానిచేత వానికి తోలు కొట్టించెను. డెర్బీషైర్ కొండలలో గుర్రపుబండ్లవారు పాతజోళ్ల తోలును బ్రేకు దిమ్మెలకు తగిలించుకొనుట గమనించిన హెర్బర్ట్ ఫ్రూడ్, 1897లో ఫెరోడో సంస్థను స్థాపించి ఈ పనినే వృత్తిగా చేసికొనెను. మొదట వాడిన నూలు తొడుగు వేడికి మాడిపోవుటచే, 1908 ప్రాంతమున అతడు రాతినారను (ఆస్బెస్టాస్) ఆశ్రయించెను. వేడికి చెడని ఆ నార శతాబ్దములో అధికభాగము బ్రేకుల నేలినది. దాని ధూళిని పీల్చిన కార్మికుల ఊపిరితిత్తులు ఎంత క్షోభించినవో తలచినపుడు, బ్రిటను 1999లో గాని దానిని పూర్తిగా నిషేధింపకపోవుట మిక్కిలి విచారము గొల్పును.

తొడుగు మారినను కీచుధ్వని మాత్రము పోలేదు. 1938లో మిల్స్ అను పరిశోధకుడు డ్రమ్ము బ్రేకులను పరిశీలించినపుడు, జారుడువేగము పెరిగినకొలది ఘర్షణ తగ్గు స్వభావమే ఈ ధ్వనికి మూలమను అభిప్రాయము ప్రబలముగ నుండెను. అనగా దోషమంతయు తొడుగుదే. 1953లో లెమాన్స్ పందెమును డిస్కు బ్రేకుల జాగ్వార్ గెలిచి, 1955లో సిట్రోయెన్ డీఎస్ వానిని సామాన్య గృహస్థుని ముంగిటికి తెచ్చిన పిమ్మట, లాంచెస్టర్‌ను బాధించిన సమస్య మరల తలయెత్తెను. 1961లో స్పర్ అను పరిశోధకుడు ప్రతిపాదించిన సిద్ధాంతము దృష్టిని మరల్చినది: ఘర్షణగుణకము స్థిరముగ నున్నను, డిస్కును నొక్కు తొడుగుదిమ్మె, అనగా ప్యాడు, ఒకానొక కోణమున డిస్కునకు ఆని క్షణకాలము బిగిసి, వంగి, జారి, తిరిగి బిగియుచు, సెకనుకు వేలసార్లు కంపింపగలదు. ప్యాడు ఏ పదార్థమన్నంత ముఖ్యముగ, అది ఎచ్చట ఎట్లు ఆనుచున్నదను ప్రశ్నయు నిలిచెను. నా దృష్టిలో ఈ శాస్త్రమునకు నిజమైన మలుపు ఇదియే.

క్రొత్త ప్యాడ్లు వేయించిన వెంటనే బండి కీచుమనుటయు దీనివలననే బోధపడును. క్రొత్త ప్యాడు ముఖము సమతలము; పాత డిస్కు గాళ్లు పడి, అంచున త్రుప్పు గట్టి యుండును. కావున అవి కొన్ని చోట్లనే తాకును. నేర్పరియగు మెకానిక్ మొదట అడుగునది, పెడల్ నొక్కినపుడే ధ్వని వచ్చుచున్నదా, విడిచినను వచ్చుచున్నదా అని. విడిచినను వచ్చుచున్నచో, అరుగుదల తెలుపు రేకు డిస్కును తాకుచుండవచ్చును, లేదా ప్యాడ్లను బిగించు దవుడయగు క్యాలిపర్ పిన్నులు గ్రీజులేక బిగిసియుండవచ్చును. నొక్కినపుడు మాత్రమే వచ్చుచున్నచో, ప్యాడు వెనుక కంపనము నణచు షిమ్ములు పెట్టిరో లేదో, పాత క్లిప్పులనే మరల తగిలించిరో, ప్యాడు ఆను తావుల త్రుప్పును గీకి అచ్చట మాత్రమే గ్రీజు పూసిరో చూడవలెను. ఆ గ్రీజు ప్యాడు ముఖమునకు అంటినచో బ్రేకు పట్టు చెడును. ఇవన్నియు సరిగా నున్నపుడు, నిర్జనమైన దారిలో మధ్యమవేగమునుండి పూర్తిగా ఆపక, నడుమనడుమ చల్లారనిచ్చుచు, పలుమారు నెమ్మదించినచో, ప్యాడు పదార్థము డిస్కుపై పలుచని పొరగా పరచుకొని రెండు ముఖములు కుదురుకొనును. అప్పటికిని ధ్వని పోనిచో డిస్కును లేతుపై చదును చేయించుటయో, మార్చుటయో తప్పదు. గరగరమను లోహధ్వని వినవచ్చినచో మాత్రము, కుదురుకొనునని వేచియుండక, బండిని అచ్చటనే నిలిపి చక్రము విప్పించి చూడవలెను.