ఆఖరివాడి వేగం

ఔడాక్స్ అంటే లాటిన్‌లో సాహసి అని. 1897 జూన్ 12న కొందరు ఇటలీ సైకిలిస్టులు పొద్దు పొడిచేవేళ రోమ్‌లో బయల్దేరి, పొద్దుగుంకేలోపు నేపుల్స్ చేరాలని పెట్టుకున్నారు. దూరం 230 కిలోమీటర్లు. ఎవరు ముందు చేరారన్నది కాదు, చీకటి పడేలోపు చేరారా లేదా అన్నదే లెక్క. అలా తొక్కేవాళ్ళకి ఈ పేరు వచ్చింది.

నూటపాతికేళ్ళు దాటాక ఆ మాట మండపేటదాకా వచ్చింది. మా ఊళ్ళో పద్నాలుగుమందిమి 200 కిలోమీటర్ల బ్రెవేకి తయారవుతున్నాం. రైస్ మిల్లులో లెక్కలు రాసే ఆయన, ఇద్దరు టీచరమ్మలు, కోళ్ళఫారం ఆయన, ఇంటినుంచే ఉద్యోగం చేసే నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఓ ముగ్గురు, ఇంకొందరు. టైర్ల గురించీ గేర్ల గురించీ మాకు పేచీల్లేవు. పేచీ అంతా ఒక్కదాని మీదే: ముందున్నవాడు వెనకవాడి కోసం ఆగాలా, అక్కర్లేదా? ఇది మా ఒక్క ఊరి తగువు కాదు. ఫ్రాన్సులో ఈ ఆట రెండు దారులైనప్పుడు ఆ రెంటికీ తేడా ఇక్కడే.

* * *

దూరాలు తొక్కించడం మొదట పత్రికల వ్యాపారం. 1891లో పారిస్ నుంచి బ్రెస్ట్‌కి, అక్కణ్నుంచి తిరిగి పారిస్‌కి, సుమారు 1200 కిలోమీటర్ల పందెం పెట్టింది 'ల పెతి జూర్నాల్' అనే దినపత్రిక. గాలి టైరుకి డన్‌లప్ పేటెంట్ తీసుకుని అప్పటికి మూడేళ్ళే. రెండు వందలమందికి పైగా బయల్దేరితే దాదాపు సగంమంది మధ్యలోనే మానుకున్నారు. గెలిచిన షార్ల్ తెరాన్ 71 గంటల 22 నిమిషాలు తీసుకున్నాడు. నిద్రపోలేదు. అతని సైకిలుకున్నవి మిషెలిన్ వాళ్ళ కొత్త టైర్లు, ఊడదీసి మళ్ళీ బిగించుకునే రకం. పత్రిక అమ్ముడుపోయింది, టైర్లూ అమ్ముడుపోయాయి.

1903లో 'లోటో' పత్రిక సంపాదకుడు ఆన్రీ దెగ్రాంజ్ టూర్ ద ఫ్రాన్స్ మొదలెట్టాడు. అతని రూళ్ళు కఠినం. పోటీలో ఎవరి సాయమూ తీసుకోకూడదు. 1913లో యూజీన్ క్రిస్తోఫ్ అనే పోటీదారుకి పిరనీస్ కొండల్లో ముందు ఫోర్కు విరిగింది. సైకిలు భుజాన వేసుకుని కిందనున్న ఊరిదాకా నడిచి, కమ్మరి కొలిమి దగ్గర తన చేత్తోనే అతుకుపెట్టుకున్నాడు. కొలిమితిత్తి ఊదడానికి ఓ కుర్రాడి సాయం తీసుకున్నాడని అతనికి జరిమానా నిమిషాలు వేశారు.

ఇదే దెగ్రాంజ్ 1904లో ఇటలీవాళ్ళ ఔడాక్స్‌ని ఫ్రాన్సుకి తెచ్చాడు. దాని రూళ్ళు పూర్తిగా ఉల్టా. 200 కిలోమీటర్లు అందరూ ఒకే గుంపుగా తొక్కాలి. వేగం కెప్టెన్‌ది. కెప్టెన్‌ని దాటకూడదు, గుంపుని వదలకూడదు. కొలిమితిత్తి సాయం కూడా తప్పన్న మనిషి చేతిమీదుగానే కలిసి తొక్కే పద్ధతీ నిలబడింది. అతనిలో ఇదొక వైరుధ్యమని నేననుకోను. గెలుపు కోసం తొక్కితే ఒక ధర్మం, చేరడం కోసం తొక్కితే ఇంకో ధర్మం అని అతను తేల్చుకున్నట్టు కనిపిస్తుంది.

1921లో ఔడాక్స్ క్లబ్ పారిసియన్ దెగ్రాంజ్‌తో విడిపోయి 'స్వేచ్ఛా వేగం' బ్రెవేలు మొదలెట్టింది. కెప్టెన్ లేడు, ఎవరి వేగం వాళ్ళది. కంట్రోల్ పాయింట్ల దగ్గర సమయానికి కార్డు మీద ముద్ర పడితే చాలు. 1931లో పారిస్-బ్రెస్ట్-పారిస్‌ని రెండు పద్ధతులవాళ్ళూ తొక్కారు. మన దేశంలో 2010 ప్రాంతం నుంచి జరుగుతున్నవి ఈ రెండో రకం. 200 కిలోమీటర్లకి 13 గంటల 30 నిమిషాలు, 300కి 20 గంటలు, 400కి 27, 600కి 40. 1200 కిలోమీటర్ల పారిస్-బ్రెస్ట్-పారిస్‌కి 90 గంటలు. నాలుగేళ్ళకోసారి జరిగే దానికి ఇప్పుడు మనవాళ్ళు కూడా వందల్లో వెళ్తున్నారు. తమాషా ఏంటంటే మరీ త్వరగా వచ్చినా చెల్లదు. 200 కిలోమీటర్లకి 5 గంటల 53 నిమిషాల ముందు కంట్రోల్ తెరుచుకోదు. ర్యాంకుల్లేవు. ముందొచ్చినవాడికీ ఆఖర్న వచ్చినవాడికీ అదే పతకం.

* * *

డెల్టాలో సైకిల్ చరిత్ర ఇంత శుభ్రంగా రాసిపెట్టి లేదు. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. దాని కాలువలు వచ్చాయి, కాలువ గట్లే బాటలయ్యాయి. కొండ లేదు, గుట్ట లేదు. సైకిలు కోసమే చదును చేసినట్టుండే నేల. స్వాతంత్ర్యం వచ్చాక 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్ పెట్టి హెర్క్యులిస్ తయారుచేశారు. 1956లో లూధియానాలో హీరో మొదలైంది. ఆ తర్వాతే సైకిలు దొరబాబుల ఇంటినుంచి మామూలు ఇళ్ళకి దిగింది. గంటకింతని అద్దె సైకిళ్ళు, కడ్డీ కింద కాలు దూర్చి అడ్డతొక్కుడు నేర్చుకున్న పిల్లలు, క్యారేజీకి రెండువైపులా వేలాడే పాల క్యాన్లు, కొబ్బరికాయల గెలలు. 1982లో పుట్టిన తెలుగుదేశం గుర్తు సైకిలైందంటే, అప్పటికి అది ఎవరి వాహనమో అందరికీ తెలుసన్నమాట.

మన పల్లెల్లో దూరాల తొక్కుడుకి ఒక ప్రదర్శన కూడా ఉండేది. ఒకాయన వచ్చి బడి ఆవరణలోనో సంత దగ్గరో కర్ర పాతి, మైకు కట్టి, రోజుల తరబడి దిగకుండా దాని చుట్టూ సైకిలు తొక్కేవాడు. తిండి, స్నానం అన్నీ దానిమీదే. జనం రూపాయి నోటు చొక్కాకి గుచ్చేవాళ్ళు. తెరాన్ 71 గంటల గురించి పుస్తకాల్లో ఉంది. ఈయన గంటల గురించి ఎవరూ రాయలేదు. ఈయన పొట్టకోసం తొక్కాడు, పైగా ఎక్కడికీ వెళ్ళలేదు.

అయితే ఆ పాత రోజుల్ని ముద్దు చేసి చెప్పుకుంటే సగమే చెప్పినట్టు. అగ్రవర్ణాల వీధుల్లో దళితుడు సైకిలు దిగి నడిపించుకుంటూ పోవాలన్న ఆనవాయితీ తెలుగు పల్లెల్లో ఉండేది. 2006లో వచ్చిన 'అన్‌టచబిలిటీ ఇన్ రూరల్ ఇండియా' అనే పుస్తకం మనతో కలిపి 11 రాష్ట్రాల్లో 565 ఊళ్ళు తిరిగి చూసి రాసింది. దళితులు సైకిలెక్కడం మీద ఆంక్షలు అందులోనూ కనిపిస్తాయి. ఆడవాళ్ళ సంగతీ అంతే. పక్కనే తమిళనాడు పుదుక్కోటలో 1991 తర్వాత అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా వేలమంది ఆడవాళ్ళు సైకిలు నేర్చుకుంటే అదొక వార్తయింది, పి.సాయినాథ్ దాని గురించి రాశారు. సైకిలు ఎక్కడమే వార్త కావలసి వచ్చింది చూడండి. అంటే రోడ్డు ఎప్పుడూ అందరికీ ఒకేలా లేదు. ఎవరి వేగం వాళ్ళది అనడానికి ముందు, రోడ్డు ఎవరిది అన్న ప్రశ్న ఒకటుంది.

* * *

ఇక మా సాధన. వారం మధ్యలో తాపేశ్వరం, ద్వారపూడి వైపు చిన్న రౌండ్లు. ఆదివారం రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి రేవుదాకా వెళ్ళి వస్తే సుమారు 60 కిలోమీటర్లు. తర్వాత 100, 150. చదును నేల సుఖమని బయటివాళ్ళు అనుకుంటారు. దిగుడు లేని దారిలో తొక్కడం ఆపి ఊపిరి తీసుకునే చోటే ఉండదు. గంటల కొద్దీ అదే కూర్చోవడం, అవే కండరాలు. చేలమీదుగా వచ్చే ఎదురుగాలే మాకు కొండ. జొన్నాడ దాటాక గౌతమి మీద, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ మీద వంతెనలే మా ఘాట్లు. నిజం ఘాటు కావాలంటే మారేడుమిల్లి పోవాలి.

ఎదురుగాలికి మందు ఒక్కటే, ఒకరి వెనక ఒకరు చాటుగా వెళ్ళడం. ముందున్నవాడు గాలిని కోస్తే వెనకవాడికి శ్రమ మూడో వంతుదాకా తగ్గుతుంది. రెండు నిమిషాలు ముందుండి, పక్కకి తప్పుకుని, వరస చివరికి వచ్చేయాలి. ముందున్నవాడు "గుంట!", "గేదె!" అని అరుస్తాడు. కోతల రోజుల్లో "వడ్లు!" అని కూడా, రోడ్డు సగం ఆరబోసిన ధాన్యమే. గంటగంటకీ ఏదో ఒకటి తినాలి. అరటిపండు, ఉప్పు కలిపిన మజ్జిగ, తాపేశ్వరం కాజా. శాస్త్రీయమైన జెల్ ప్యాకెట్ల కంటే కాజాయే మేలని మిల్లు లెక్కల ఆయన వాదన.

ఆయనే స్వేచ్ఛా వేగం పార్టీ నాయకుడు. "గడియారం ఎవరిది వాళ్ళదేనండీ. నా కార్డు మీద మీ టైమెయ్యరు కదా" అంటాడు. తప్పులేదు. అయితే లెక్క ఆయన వైపే ఉందా అన్నది చూడాలి. మాలో అందరికంటే నెమ్మదైన మనిషి ఒంటరిగా గంటకి 17 కిలోమీటర్లు వెళ్తాడు. ఆ లెక్కన 300 కిలోమీటర్లకి తొక్కుడే 17 గంటల 40 నిమిషాలు అవుతుంది. తిండికీ పంక్చర్లకీ మిగిలేది రెండు గంటల 20 నిమిషాలు. అదే మనిషి వరసలో గాలిచాటున 20తో వస్తాడు. అప్పుడు 15 గంటలు, చేతిలో అయిదు గంటలు. వేగంగా పోయేవాడు గంటో రెండు గంటలో పోగొట్టుకుంటాడు. అతని కార్డు మాత్రం చెల్లుతుంది. నెమ్మదైనవాడు పోగొట్టుకునేది మొత్తం బ్రెవేనే.

ఈ లెక్కకి కూడా ఆయన కరగలేదు. మాటని మలుపు తిప్పింది టీచరమ్మల్లో ఒకావిడ. "పగలు నన్ను వదిలేసి పోండి మాస్టారూ, నాకేం బాధ లేదు. రాత్రి రెండింటికి సిద్ధాంతం వంతెన మీద నా టైరు గాలి పోతే?" అంది. ఎవరూ మాట్లాడలేదు. బ్రెవే రూళ్ళల్లో రాత్రికి లైట్లుండాలి, మెరిసే కోటుండాలి అని ఉంది. పారిస్ రూళ్ళు రాసినవాళ్ళకి రాత్రి అంటే చీకటి మాత్రమే కాబోలు. దెగ్రాంజ్ కెప్టెన్ పద్ధతిని ఇప్పుడు చాలామంది మిలిటరీ కవాతులా ఉందని తీసిపారేస్తారు. రోడ్డు మీద ఒంటరిగా ధైర్యంగా ఉండగలిగినవాడికే స్వేచ్ఛా వేగం నిజంగా స్వేచ్ఛ. మిగతావాళ్ళకి గుంపే స్వేచ్ఛ.

చివరికి కుదిరిన ఒప్పందం ఇది. పగలు జరిగే 200కి ఎవరి వేగం వాళ్ళది. 300కి వెళ్ళినప్పుడు చీకటి పడ్డాక నలుగురేసి జట్టు, జట్టులో ఆఖరి మనిషిదే వేగం. మిల్లు ఆయన ఒప్పుకున్నాడుగానీ ఒక షరతు పెట్టాడు: టైము దాటిపోయేలా ఉంటే ఏం చేయాలో ముందే తేల్చాలని. అది ఇంకా తేలలేదు. పైగా మా పద్నాలుగుమందిలో కూలిపనికి సైకిలు మీద వెళ్ళే మనిషి ఒక్కరూ లేరు. పొద్దున్నే మేం రంగురంగుల చొక్కాల్లో కాలువ గట్టు వెంట వెళ్తుంటే, క్యారేజీకి టిఫిను కట్టుకుని ఎదురొచ్చే వాళ్ళు పక్కకి తప్పుకుని మాకు దారిస్తున్నారు. ముందు ఆ అలవాటు మాన్పించాలి. బెల్లు కొట్టకుండా, మేమే పక్కకి తప్పుకుంటున్నాం.