హాంకాంగ్ చిత్రాలలో రసవిరోధం, రసమైత్రి

హాస్యానికి భయానకం విరోధి అనీ, వీరానికీ అది విరోధియే అనీ సాహిత్యదర్పణంలో విశ్వనాథుడు చెప్పినాడు. అయినను ఈ మూడు రసాలనూ ఒకే ఘట్టంలో నిలిపి ప్రేక్షకులను మెప్పించిన చిత్రాలు 1980 తరువాత హాంకాంగ్‌లో వరుసగా వెలువడినవి. ఆ పొత్తు ఎట్లు కుదిరినదో విచారింపదగినది.

దాని మూలం రంగస్థలంపై ఉన్నది. పెకింగ్ సంగీతనాటకంలో గానం, అభినయం, సాము, పిల్లిమొగ్గలు వేరువేరు విద్యలు కావు. హాంకాంగ్‌లో యు జిమ్‌యుయెన్ నడిపిన పాఠశాలలో సామో హుంగ్, జాకీ చాన్ మొదలైనవారు బాల్యంలోనే ఒప్పందాలపై చేరి, దెబ్బలకు ఓర్చి ఆ విద్య నేర్చినారు. వారు పెరిగేనాటికి ఆ నాటకాలకు ఆదరణ క్షీణించినది. బ్రతుకుదెరువు వెదకుకొంటూ వారు చిత్రసీమ చేరి పోరాట దృశ్యాలలో నటించినారు. దెబ్బ కొట్టుటకూ, పడి నవ్వించుటకూ వారికి సాధన ఒక్కటే.

1980లో సామో హుంగ్ స్వీయ దర్శకత్వంలో 'ఎన్‌కౌంటర్స్ ఆఫ్ ది స్పూకీ కైండ్' నిర్మితమైనది. అందు నాయకుడు పందెం కాసి, శవపేటిక గల ఆలయంలో రాత్రి గడుపుతాడు. 1985లో ఆయన నిర్మాతగా, రికీ లావ్ దర్శకత్వంలో వచ్చిన 'మిస్టర్ వాంపైర్' ఈ మార్గాన్ని సుస్థిరం చేసినది.

ఇందలి ప్రేతం 'జియాంగ్షీ', అనగా కొయ్యబారిన శవం. దూరదేశంలో మరణించినవారిని మాంత్రికులు నడిపించి స్వగ్రామం చేర్చేవారని హునాన్ ప్రాంతంలో కథలున్నవి. కీళ్లు వంగవు గనుక అది గెంతుతూ వస్తుంది. చిత్రంలో అది మనిషిని ఊపిరినిబట్టి పసిగడుతుంది. ఊపిరి బిగబట్టినవాడు బ్రతుకుతాడు. బిగబట్టలేక అవస్థపడే శిష్యుని చూచి ప్రేక్షకుడు భయపడుతూనే నవ్వుతాడు. విషానికి విరుగుడైన జిగురుబియ్యంలో వర్తకుడు మామూలు బియ్యం కల్తీ చేయుటయూ ఇట్టిదే: నవ్వు పుట్టించిన మోసమే ప్రాణభయానికి హేతువు.

విరోధిరసాలకు ఆశ్రయాలను వేరు చేయవలెనని ఆనందవర్ధనుడు సూచించినాడు. ఈ చిత్రంలో జరిగినది దాదాపు అదే. వీరం గురువుది, భయం శిష్యులది, హాస్యం చూచేవారిది. గురువుగా నటించిన లామ్ చింగ్‌యింగ్ కూడ నాటకవిద్య నేర్చినవాడే. ఆయన ముఖంలోని గాంభీర్యం సడలితే కథ అంతా వేళాకోళమయ్యేది.

లామ్ 1997లో, 44 ఏళ్లకే మరణించినాడు. 2013లో జూనో మాక్ 'రిగర్ మార్టిస్' తీసి, పాత చిత్రపు నటులనే పిలిచి, ఆ పరంపరకు నివాళి అర్పించినాడు. అందు భయమున్నది, పోరాటమున్నది. నాటి నవ్వు లేదు. బాలురను దండించి నేర్పిన ఆ శిక్షణను తిరిగి కోరదగదు. కాని ఆ నవ్వు వెనుక అంతటి శ్రమ ఉన్నదని మరువరాదు.