నియమముగల అద్భుతము, నవ్వు నేర్చిన ప్రణయము

శృంగారమునుండి హాస్యము పుట్టుననియు, వీరమునుండి అద్భుతము పుట్టుననియు భరతముని నాట్యశాస్త్రమున చెప్పెను. కావున ప్రేమకథ నవ్వు పుట్టించుట మన లాక్షణికులకు వింత కాదు. ఆ రెంటికి అద్భుతము తోడైనపుడు కథ ఎట్లు నిలుచుననునది వేఱు ప్రశ్న. వైజ్ఞానిక కల్పనను ప్రణయహాస్యముతో మేళవించిన నవలలు పలుదేశములలో పాఠకుల ఆదరము పొందినవి. యంత్రముల వింతయే ఆ ఆకర్షణకు కారణమని పలువురు తలంతురు. కథల చరిత్రను పరిశీలించినచో కారణము మఱియొకటి కనిపించును. అద్భుతమునకు ఒక నియమముండవలెను. ఆ నియమమునకు మానవహృదయము పూర్తిగ లోబడకుండవలెను. రసము ఆ ఘర్షణలో పుట్టుచున్నది.

ఈ లక్షణము యంత్రయుగమునకు చాల పూర్వమే, తెలుగునేలకు పొరుగుననున్న బస్తరు కథలలో కనిపించును. బస్తరునకును తెలుగువారికిని గల సంబంధము నేటిది కాదు. బారసూరులో క్రీ.శ. 11వ శతాబ్దపు తెలుగు శాసనము లభించినది. 1323లో ఓరుగల్లు ఢిల్లీసేనల వశమైన పిదప ప్రతాపరుద్రుని సోదరుడైన అన్నమదేవుడు గోదావరి దాటి ఇంద్రావతీ ప్రాంతమున రాజ్యము స్థాపించెనని బస్తరు రాజవంశపు సంప్రదాయము. 1703 నాటి దంతేవాడ శాసనము ఆ వంశావళిని కాకతీయులతో కలుపుచున్నది. 1948లో సంస్థానము విలీనమగువఱకు ఆ వంశపు పాలన సాగినది.

అన్నమదేవుని గూర్చి జనులు చెప్పుకొను కథ యొకటి కలదు. దంతేశ్వరీదేవి అతని వెంట నడచుటకు అంగీకరించినది. అతడు నడచినంత మేర రాజ్యమగునని వరమిచ్చినది. వెనుదిరిగి చూడరాదని మాత్రము కట్టడి చేసినది. దేవి అందెల చప్పుడు వినుచు అతడు ముందునకు సాగెను. శంఖినీ డంకినీ నదుల సంగమమున దేవి పాదములు ఇసుకలో కూరుకొనగా అందెలు మ్రోగలేదు. అతడు తిరిగి చూచెను. దేవి అచ్చటనే నిలిచిపోయెను. ఇందు రాజు తప్పునకు రాజ్యలోభము కారణము కాదు. తోడు వచ్చునది ఉన్నదో లేదో యను ఆరాటమే కారణము. వరమునకు ఒక్క షరతు లేకున్నచో ఆ ఆరాటము బయటపడుటకు అవకాశమే ఉండెడిది కాదు. కథ యంతయు ఆ షరతుపై నిలిచియున్నది.

బస్తరు ముఱియ గోండుల లింగో కథలో ఈ అద్భుతమునకు అనురాగము, నవ్వు తోడైనవి. వెరియర్ ఎల్విన్ 1947లో ముఱియలను గూర్చియు, వారి ఘోటుల్ వ్యవస్థను గూర్చియు ప్రకటించిన బృహద్గ్రంథమున లింగోకు ప్రముఖస్థానము కలదు. యువతీయువకులు కలసి ఆడిపాడు ఘోటుల్‌కు ఇతడే మూలపురుషుడు. ఇతడు పదునెనిమిది వాద్యములను ఒక్కసారిగ వాయింపగలవాడట. ఆ సంగీతమునకు అన్నల భార్యలు పరవశులగుదురు. అన్నలు అసూయతో తమ్ముని కఠినపరీక్షలకు గురిచేయుదురు. అతడు వానినన్నిటిని గెలుచును. వాద్యమునకు మహిమ కలదు. ఎవరిని కదలింపవలెనో, ఎవరిని కదలింపరాదో దానికి తెలియదు. ఒక్కని వాద్యములకు ఒక ఇల్లంతయు తలక్రిందులైనదని విన్నవారికి అసూయపడిన అన్నలపై జాలియు, నవ్వును ఒకేసారి కలుగును.

పందొమ్మిదవ శతాబ్దమున దేవతావరము స్థానమును శాస్త్రనియమము ఆక్రమింపజొచ్చెను. మార్క్ ట్వేన్ 1889లో ప్రకటించిన నవలలో అమెరికాదేశపు యంత్రజ్ఞుడొకడు ఆర్థరురాజు కాలమునకు చేరి, సూర్యగ్రహణము ఎపుడు వచ్చునో ముందుగ తెలిసియుండుటచే మరణశిక్ష తప్పించుకొనును. అతని గణితవిద్య రాజసభను జయించినది. శాండీ యను కన్య అంతులేని మాటలయెదుట మాత్రము అది పనిచేయలేదు. విసుగుతో మొదలైన ఆ పరిచయము వివాహమునకు దారితీసెను. 1895లో వెల్స్ కాలయంత్రమును సృష్టించెను. ఆ కథలో వీనా యను బాలికపై అనురాగఛాయ కలదు గాని నవ్వునకు చోటులేదు.

ఈ రెండు మార్గములను కలిపిన నవలలలో కనీ విల్లిస్ 1998లో వెలువరించిన 'టు సే నథింగ్ ఆఫ్ ది డాగ్' పేర్కొనదగినది. దీనికి 1999లో హ్యూగో పురస్కారము లభించినది. గతకాలమునుండి వస్తువును వర్తమానమునకు తేరాదనునది అందలి శాస్త్రనియమము. నీటిపాలు కానున్న పిల్లిని కాపాడి ఒక యువతి ఆ నియమమును దాటును. దానిని తిరిగి అప్పగింప వెళ్లిన యువకుడు కాలప్రయాణపు అలసటచే మతి చెదరి, కలియవలసిన ప్రేమికులను కలియనీయక, కలియరానివారిని కలుపును. చరిత్రను చక్కదిద్దు పని పెండ్లిసంబంధములు కుదుర్చు పనిగ మాఱును. శాస్త్రనియమము ఇందు కథకు అలంకారము కాదు. నాయికానాయకులను దగ్గఱ చేయుటయు, నవ్వించుటయు దాని పనియే.

తెలుగువారికి ఈ శిల్పము పరాయిది కాదు. పదునాఱవ శతాబ్దమున పింగళి సూరన రచించిన కళాపూర్ణోదయమున కలభాషిణి రంభ రూపమును, మణికంధరుడు నలకూబరుని రూపమును ధరింతురు. ప్రేమించినది రూపమునా, మనిషినా యను ప్రశ్న అచ్చట తలయెత్తును. తన రూపముననే ఎదుట నిలిచిన మఱియొక రంభతో రంభ కలహించును. 1957లో కె.వి. రెడ్డి దర్శకత్వమున వచ్చిన 'మాయాబజార్' చిత్రములోని ప్రియదర్శిని పేటికయు ఈ కోవలోనిదే. చూచువారికి మిక్కిలి ప్రియమైనదానిని చూపుట దాని నియమము. శశిరేఖకు అభిమన్యుడు కనిపించును. రేవతికి నగలు కనిపించును. ఒకే పేటిక ఒకరి ప్రణయమును, మఱియొకరి బలహీనతను బయటపెట్టినది. ఆ చిత్రమునకు సహాయకుడుగ పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు 1991లో 'ఆదిత్య 369' నిర్మాణమునకు దర్శకుడై, కాలయంత్రముపై ప్రేమజంటను కృష్ణదేవరాయల కొలువునకును, భవిష్యత్తునకును పంపెను. తెనాలి రామకృష్ణుడు అందు పాత్రయగుట యాదృచ్ఛికము కాదు. అద్భుతమును నవ్వుతో కొలుచు ఆచారము తెలుగుకథకు సహజము.

ఈ వారసత్వమును చిత్రరంగము అందిపుచ్చుకొన్నంతగ తెలుగు నవల అందుకొనలేదు. యండమూరి వీరేంద్రనాథ్ 'యుగాంతం' వంటి రచనలలో వైజ్ఞానిక కల్పన పెద్ద ఆపదలవైపు మొగ్గినది. ఆపద పాఠకుని భయపెట్టి తనవెంట నడిపించును. ప్రణయహాస్యమునకు అంతకంటె కఠినమైన సాధన వలయును. రచయిత తాను పెట్టిన నియమమును తానే తప్పరాదు. నాయకుని కష్టము తొలగించుటకు అవసరము వచ్చినపుడెల్ల యంత్రమునకు క్రొత్త శక్తి కల్పించినచో ప్రేమకు పరీక్షయు ఉండదు, పాఠకునికి నవ్వును రాదు. అన్నమదేవుడు తిరిగి చూచిన తరువాత దేవి మఱికొంత దూరము నడచినదని బస్తరు జనులు కథను పెంచలేదు. ఆ నిగ్రహమే ఆ కథను ఇంతకాలము నిలిపినది.