స్మార్ట్‌ మీటర్‌ పెట్టారా? ఈ నిబంధనలు తెలుసుకోండి

పాత కరెంటు మీటర్ల స్థానంలో స్మార్ట్‌ మీటర్లు వస్తున్నాయి. బిల్లు పెరుగుతుందేమో, జరిమానా వేస్తారేమో అన్న భయం చాలామందిలో ఉంది. వినియోగదారుకు చట్టం ఇచ్చిన రక్షణలు మాత్రం చాలామందికి తెలియవు. అవేంటో చూద్దాం.

ఏమిటీ మీటర్‌?

వాడకాన్ని ఎప్పటికప్పుడు నమోదు చేసి, ఆ వివరాలను నెట్‌వర్క్‌ ద్వారా డిస్కంకు పంపుతుంది. రీడింగ్‌ కోసం ఎవరూ ఇంటికి రానక్కర్లేదు. రోజుకు కనీసం ఒకసారైనా రీడింగ్‌ తీసుకోవాలన్నది నిబంధన.

ఎందుకు పెడుతున్నారు?

కరెంటు సరఫరా మీటర్‌ ద్వారానే జరగాలని విద్యుత్‌ చట్టం-2003లోని సెక్షన్‌ 55 చెబుతోంది. డిస్కంల నష్టాలు తగ్గించేందుకు కేంద్రం 2021లో ఆర్‌డీఎస్‌ఎస్‌ పథకాన్ని ఆమోదించింది. 25 కోట్ల స్మార్ట్‌ ప్రీపెయిడ్‌ మీటర్లు పెట్టాలని లక్ష్యంగా పెట్టుకుంది. వ్యవసాయ కనెక్షన్లను ఈ ప్రీపెయిడ్‌ మీటర్ల నుంచి మినహాయించింది.

పాత వాడకానికి జరిమానా వేయొచ్చా?

వేయకూడదు. కొత్త మీటర్‌లో నమోదైన గరిష్ఠ డిమాండ్‌ను చూపించి, అది పెట్టకముందు కాలానికి జరిమానా విధించరాదని 2023 జూన్‌లో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనలు చెబుతున్నాయి.

లోడ్‌ వెంటనే పెంచేస్తారా?

లేదు. ఏదైనా నెలలో మంజూరైన లోడ్‌ దాటితే ఆ నెల బిల్లును వాస్తవ డిమాండ్‌ ప్రకారం లెక్కిస్తారు. ఆ సంగతి ఎస్‌ఎంఎస్‌ లేదా యాప్‌ ద్వారా తెలపాలి. మంజూరైన లోడ్‌నే పెంచాలంటే ఆర్థిక సంవత్సరంలో కనీసం మూడుసార్లు దాటి ఉండాలి. అప్పుడు కూడా వాటిలో తక్కువ అంకెనే తీసుకోవాలి. ఉదాహరణకు 3 కిలోవాట్ల కనెక్షన్‌కు మూడు నెలల్లో 3.5, 4, 5 కిలోవాట్లు నమోదైతే, కొత్త లోడ్‌ 3.5 అవుతుంది.

వేళను బట్టి ధర మారుతుందా?

అవే సవరణలు పగటిపూట సౌర విద్యుత్‌ అందే గంటల్లో సాధారణ ధర కంటే కనీసం 20 శాతం తగ్గించాలని, డిమాండ్‌ ఎక్కువగా ఉండే గంటల్లో పెంచాలని చెబుతున్నాయి. ఏ గంటలకు ఎంత ధర అన్నది ఖరారు చేసేది రాష్ట్ర విద్యుత్‌ నియంత్రణ మండలి.

రీడింగ్‌పై అనుమానం వస్తే?

ఫిర్యాదు అందిన 5 రోజుల్లో డిస్కం అదనపు మీటర్‌ పెట్టాలి. కనీసం 3 నెలలు రెండు రీడింగ్‌లనూ పోల్చి చూడాలి. 2024 ఫిబ్రవరి సవరణతో వచ్చిన హక్కు ఇది. 1912కు ఫోన్‌ చేసి, ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి. పరిష్కారం కాకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అక్కడా న్యాయం జరగకపోతే విద్యుత్‌ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు.

డిపాజిట్‌ కట్టాలా?

ప్రీపెయిడ్‌ మీటర్‌కు ఒప్పుకున్నవారి నుంచి సెక్యూరిటీ డిపాజిట్‌ అడిగే హక్కు డిస్కంకు లేదు. చట్టంలోని సెక్షన్‌ 47 ఈ విషయం స్పష్టం చేస్తోంది.

మీటర్‌ మార్చే రోజున పాత మీటర్‌ చివరి రీడింగ్‌ను, కొత్త మీటర్‌ తొలి రీడింగ్‌ను ఫొటో తీసి ఉంచుకోండి. బిల్లుపై వివాదం వస్తే ముందుగా కావాల్సిన ఆధారం అదే.