కాటూరు నుంచి కాగ్నిటివ్ సైన్స్ దాకా

మొన్న శనివారం ఇక్కడ ఫ్రిస్కోలోనే ఓ మిత్రుడింట్లో భోజనాలు. పెసరట్ల దగ్గర నిలబడి ఉంటే ఆయన నన్ను పక్కకి పిలిచి, "నువ్వైనా మా అమ్మాయికి కాస్త చెప్పవయ్యా. కంప్యూటర్ సైన్స్ వద్దట, కాగ్నిటివ్ సైన్స్ చదువుతుందట. రేపు ఉద్యోగం ఎవరిస్తారు?" అన్నాడు.

నవ్వొచ్చింది, కాస్త గుచ్చుకుంది కూడా. ఎమ్మెస్ రోజుల్లో నేనూ ఒక కాగ్నిటివ్ సైన్స్ కోర్సులో చేరి, రెండో వారానికల్లా "రెజ్యూమేలో దీన్నెవడు చూస్తాడులే" అని వదిలేసి, డేటాబేస్ కోర్సులో కూర్చున్నవాణ్ణే!

సరే, మాటిచ్చాను కదా అని ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను. తీగ లాగితే డొంకంతా కదిలింది. ఆ డొంక పోయి పోయి అప్పటి చిత్తూరు జిల్లాలో తేలింది.

రాజ్ రెడ్డి 1937లో శ్రీకాళహస్తి దగ్గర కాటూరులో, రైతు కుటుంబంలో పుట్టారు. గిండీలో చదివింది సివిల్ ఇంజనీరింగ్. 1966లో స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేసి, 1969లో కార్నెగీ మెలన్‌లో చేరారు. అక్కడ ఆయన బృందం 1970లలో తయారు చేసిన ప్రోగ్రాముల పేరు హియర్‌సే. వాటి పని మనిషి మాటని అర్థం చేసుకోవడం.

ఇందులో కిటుకేమిటంటారా? ఇండియా నుంచి అమ్మ ఫోన్ చేసినప్పుడు, లైను బాగోక "భో...శావా?" అని వినిపించినా మనం "భోంచేశావా" అనే వింటాం. చెవి సగమే వింటుంది. మిగతా సగం భాష, సందర్భం పూరిస్తాయి. హియర్‌సే-2లోనూ అంతే. ధ్వనులు తెలిసిన ప్రోగ్రామొకటి, పదాలు తెలిసినదొకటి, వాక్యాలు తెలిసినదొకటి. అన్నీ ఒకే నల్లబల్ల మీద తమ తమ ఊహలు రాస్తాయి, ఒకదాని ఊహని చూసి ఇంకొకటి తనది దిద్దుకుంటుంది.

ఇక్కడి నుంచి కథ కాలిఫోర్నియాకి మారుతుంది. శాన్ డియేగోలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో డేవిడ్ రుమెల్‌హార్ట్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, మనుషులు చదివే తీరుని వివరించడానికి 1977లో ఈ హియర్‌సే ఆలోచననే అరువు తెచ్చుకున్నాడు. బస్సు బోర్డు మీద ఒక అక్షరం చెరిగిపోయి "తి-పతి" అని ఉన్నా మనం తిరుపతి బస్సే ఎక్కుతాం కదా, అదన్నమాట! అక్షరాలు పదాన్ని సూచిస్తే, పదం తిరిగి అక్షరాలకి సాయపడుతుంది. 1981లో రుమెల్‌హార్ట్, జే మెక్‌క్లెలండ్ కలిసి, నిపుణుల్లాంటి ప్రోగ్రాముల స్థానంలో న్యూరాన్లలాంటి చిన్న చిన్న యూనిట్లని పెట్టి దీన్నే మళ్ళీ కట్టారు. 1986లో రుమెల్‌హార్ట్, జెఫ్రీ హింటన్, రొనాల్డ్ విలియమ్స్ కలిసి, అలాంటి యూనిట్లు తమ తప్పుల్నించి నేర్చుకునే పద్ధతి మీద ప్రసిద్ధమైన వ్యాసం రాశారు. అదే ఏడు ఆ విశ్వవిద్యాలయంలో కాగ్నిటివ్ సైన్స్‌కి ప్రత్యేక శాఖ ఏర్పడింది. ప్రపంచంలో మొదటిది అదేనంటారు.

రాజ్ రెడ్డికి 1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. హింటన్‌కి 2024లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. ఆ నేర్చుకునే పద్ధతి మీద పెరిగిన యంత్రాలే ఇవాళ నా ప్రాజెక్టులో కోడు రాస్తున్నాయి. నేను రెండో వారంలో వదిలేసిన సబ్జెక్టు నా ఉద్యోగం దగ్గరికే నడిచొచ్చిందన్నమాట!

అన్నట్టు, దీనికోసం కాలిఫోర్నియాదాకా పోనక్కర్లేదు. పక్కనే రిచర్డ్‌సన్‌లో మనవాళ్ళు బోలెడుమంది ఎమ్మెస్ చదివే యూటీ డాలస్ ఉంది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ స్థాపకులు 1961లో పెట్టిన పరిశోధనా కేంద్రం 1969లో రాష్ట్రం చేతికొచ్చి విశ్వవిద్యాలయమైంది. అక్కడా కాగ్నిటివ్ సైన్స్‌లో డిగ్రీ ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కూడా దీనికో కేంద్రముంది.

నిన్న ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. వద్దని చెప్పలేకపోయాను. లెక్కలు, ప్రోగ్రామింగ్ మాత్రం వదలొద్దన్నాను. వాళ్ళ నాన్నకి ఈ కాటూరు కథంతా చెప్పాను. శ్రద్ధగా విని, "అంతా బాగానే ఉంది గానీ, ఉద్యోగం?" అన్నాడు.

ఏం చెప్పను? కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్ళం మనమూ ఇప్పుడు అదే అడుగుతున్నాం కదండీ!